అమ్మమ్మ కట్టిన చీర, ఒకే ఒక్కటి

ఈ భాగోతమంతా కాకినాడలో ఒకావిడ ఆన్‌లైన్‌లో పట్టుచీర కొనుక్కోవడంతో మొదలైంది. మహారాణి ధరించినది, తాతలనాటి ట్రంకుపెట్టెలో దొరికినది, ప్రపంచంలో ఒకే ఒక్కటి అని రాసి ఉంటే చదివి మురిసిపోయి తెప్పించుకుంది. తీరా మడత విప్పితే, లోపల కిందటి నెల ఎగ్జిబిషన్ సేలు తాలూకు ధర చీటీ వేలాడుతోంది. సరే, చీటీ పీకేసి ఆ చీర కట్టుకుని పేరంటానికి వెళ్ళింది. అక్కడ చూస్తే పక్కింటావిడ ఒంటిమీదా అదే చీర, ఎదురింటావిడ ఒంటిమీదా అదే చీర. ఆ మహారాణి ఎవరోగానీ, వీధి వీధంతటికీ ఒకే రకం చీరలు కట్టి విడిచిపెట్టింది పాపం. ఆడవాళ్ళందరూ పసుపు కుంకుమలు అక్కడే వదిలేసి కలెక్టరాఫీసుకి నడిచారు.

ప్రభుత్వం ఎప్పుడూ లేనిది వెంటనే కదిలింది. పూర్వవస్త్ర పదసత్య పరిరక్షణ మండలి అని ఒకటి పుట్టింది. దానికి ఒక భవనం, భవనానికి ఒక బోర్డు, బోర్డు కింద ఒక జీపు అమిరాయి. నిబంధన మాత్రం ఒకటే: "పాత బట్టల అమ్మకములో వాడబడు ప్రతి విశేషణము సత్యమై ఉండవలెను."

ఈ మాట వినగానే మీరూ నేనూ ఏమనుకుంటాం? ఇకమీదట అబద్ధపు మాటలు తీసేస్తారు కాబోలు అనుకుంటాం. అందుకే మనం కంపెనీలు పెట్టలేక ఇంట్లో కూర్చున్నాం. కాకినాడలో పాత బట్టలు అమ్మే 'ప్రాభవం' కంపెనీ వారు అలా అనుకోలేదు. మాటలు జనం నోట నలిగి ఉన్నాయి, వాటి జోలికి వెళితే బేరం పోతుంది. మాట మార్చడం కంటే సరుకునే మాటకు తగ్గట్టు నిజం చేసి పారేస్తే సరి. వారం తిరక్కుండా ఊళ్ళో గోడలమీద ప్రకటన వెలిసింది. నాయనమ్మలు కావలెను, అనుభవం తప్పనిసరి, మధ్యాహ్నం భోజనం కంపెనీదే అని.

ఆ ప్రకటన చూసి రామారావుపేట నుంచి వెళ్ళినావిడ హనుమాయమ్మ. భర్త పోయాక ఆయన పింఛను వస్తోంది, తిండికి లోటు లేదు. కొడుకు పొద్దున పోయి రాత్రికి వస్తాడు. పగలంతా టీవీలో అత్తాకోడళ్ళ ఏడుపులు వినలేక, నలుగురి మొహాలు చూడొచ్చని బయల్దేరింది. మొదటిరోజు కదా, కాస్త మర్యాదగా కనిపించాలని బీరువాలోంచి వాళ్ళమ్మ చీర తీసి కట్టుకుంది. ఉప్పాడ నేత. వంకాయ రంగు, పసుపు అంచు, కొంగున జంట హంసలు. దీపం సెగ తగిలి ఒక హంస తోక దగ్గర ఇంత మేర కాలితే, వాళ్ళమ్మే కూర్చుని రఫ్ఫు వేసింది. అంచున ఎప్పటిదో పసుపు మరక ఉంది. అమ్మ పోయిన ఏడాది అక్కచెల్లెళ్ళు నగలు పంచుకుంటూంటే, తనకి ఆ చీర చాలంది హనుమాయమ్మ. మిగతావాళ్ళు ముక్కున వేలేసుకున్నారు.

కంపెనీలో మేనేజరు ప్రవల్లిక అని, పాతికేళ్ళ పిల్ల. ముద్దుగా మాట్లాడుతుంది. ఆ పిల్ల పక్కన మండలి తరఫున పదసత్యాధికారి దక్షిణామూర్తిగారు కూర్చుని ఉన్నారు. ఆయన నవ్వగా చూసినవాళ్ళు లేరు. హనుమాయమ్మ కాగితాలు చూసి కళ్ళజోడు తీశారు. కొడుక్కి పెళ్ళి కాలేదు కనుక ఈమె నాయనమ్మ పదవికి అనర్హురాలని, పిఠాపురంలో ఉన్న కూతురికి ఆడపిల్ల ఉన్నది కనుక అమ్మమ్మగా మాత్రమే పరిగణించవచ్చునని సెలవిచ్చారు. ప్రవల్లిక ఒక్క క్షణం ఆలోచించి, పట్నాల్లో అమ్మమ్మలకే గిరాకీ ఎక్కువని సంతోషించింది. అలా హనుమాయమ్మ ఆ కంపెనీకి మొట్టమొదటి ధ్రువీకృత అమ్మమ్మ అయింది.

ఆరోజే ప్రవల్లిక చూపు చీరమీద పడింది. "అమ్మమ్మగారూ, ఈ చీర ఒక్క రెండ్రోజులు మాకివ్వరూ? నమూనాకి. మళ్ళీ భద్రంగా మీ చేతికిచ్చేస్తాం," అంది. ముద్దుగా అడిగితే కాదనలేని జబ్బు హనుమాయమ్మకి ఉంది. మర్నాడే తెచ్చి ఇచ్చేసింది. ఇచ్చేశాక ఇంటికెళ్ళి బీరువా తెరిస్తే, చీర ఉండాల్సిన చోటు బోసిగా కనిపించి మనసు చివుక్కుమంది.

ఇక గోడౌను సంగతి. ఎక్కడో మిల్లులో నేసి, లారీల్లో దిగే కొత్త చీరలు ముందు ధారణ విభాగానికి వెళ్ళేవి. అక్కడ హనుమాయమ్మా మరికొందరు అమ్మమ్మలూ వాటిని కట్టుకుని గదిలో ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి, విప్పి, సంతకం పెట్టేవారు. దాంతో 'అమ్మమ్మ కట్టిన' అన్న మాట సత్యమైపోయేది. అక్కడినుంచి పెట్టె విభాగం. ఒక పాత ట్రంకుపెట్టె, దానికిటూ అటూ ఇద్దరు మనుషులు. ఒకడు చీర పెట్టి మూత వేస్తాడు. రెండోవాడు మూత తీసి ఆశ్చర్యపోతాడు. ఆశ్చర్యపోవడం నిబంధనల్లో ఉంది, ఎందుకంటే 'అనుకోకుండా దొరికిన' అని వర్ణనలో ఉంది. పాపం వాడు పొద్దుటినుంచీ సాయంత్రందాకా ఆశ్చర్యపోయి పోయి, ఇంటికెళ్ళాక పెళ్ళాం నీళ్ళోసుకుందని చెప్పినా అలాగా అని ఊరుకున్నాడట.

'తరతరాలుగా చేతులు మారిన' అన్నదానికి ఒక బల్ల వేశారు. దానిమీద అమ్మమ్మ, పక్కన కూతురి వయసావిడ, ఆ పక్కన మనవరాలి వయసు పిల్ల. చీర ఈ చేతిలోంచి ఆ చేతిలోకి జరిగేది. కాఫీ తాగేంతలో మూడు తరాలు గడిచిపోయేవి. 'జమీందారీ వైభవం' కోసం ఊళ్ళో జిరాక్సు షాపు నడుపుకునే ఒకాయన్ని పట్టుకొచ్చారు. ఆయన ఏదో జమీందారుగారి తమ్ముడి వేలువిడిచిన బావమరిదికి ముని మనవడు. ప్రతి పట్టుచీరా ఆయన భుజంమీద ఒకసారి వేసి తీసేవారు. కరెంటు పోయి జిరాక్సు మెషిను ఆగినప్పుడే వైభవం తయారయ్యేది.

'ప్రేమగా దాచుకున్న' అన్న చోట మాత్రం కాస్త చిక్కొచ్చింది. మమకార విభాగంలో డిగ్రీ చదివిన ఇద్దరమ్మాయిల్ని పెట్టారు. వాళ్ళు చీరని గుండెకు హత్తుకుని నిలబడాలి. దక్షిణామూర్తిగారు వచ్చి ఆ ఇద్దర్నీ పరిశీలనగా చూశారు. ఇది హత్తుకొనుట మాత్రమే, ఇందు మమకారము పరిగణింపదగిన స్థాయిలో లేదు అని రాసుకున్నారు. రెండో అమ్మాయి ఆ టైములో క్యారేజీలో ఉన్న పప్పుచారు గురించి ఆలోచించిందని విచారణలో తేలి, ఆమెను ప్యాకింగుకు మార్చారు. 'కన్నీటితో వదులుకున్న' అన్నదానికి మాత్రం ఆయన ఉదారంగా ఉన్నారు. సందేహం తీరేందుకు ఆయన బ్లాటింగు కాగితం వెంట తెచ్చుకునేవారు. గ్లిజరిను పనికిరాదన్నారు గానీ ఉల్లిపాయలు ఒప్పుకున్నారు. కారణము ఏదైనను కన్నీరు కన్నీరే అని మండలి తీర్మానం.

నిజం చెప్పొద్దూ, మొదట్లో హనుమాయమ్మకు ఇదంతా సరదాగానే ఉంది. రోజుకో అరలారీ చీరలు కట్టి విప్పడం, తోటి అమ్మమ్మలతో లోకాభిరామాయణం, మధ్యాహ్నం గుత్తివంకాయ కూర. ఎవర్నో మోసం చేస్తున్నామేమో అని ఒకసారి అనుమానం వచ్చింది. కట్టుకోవడమైతే నిజంగానే కట్టుకుంటున్నాను కదా, ఇందులో నా అబద్ధమేముంది అని సర్దుకుంది. అలా సర్దుకుంటూనే మధ్యమధ్య తన చీర ఎప్పుడిస్తారని ప్రవల్లికను అడిగేది. రేపు అమ్మమ్మగారూ అనేది ఆ పిల్ల. ఆ రేపు ఎంతకీ రాలేదు.

ఒకనాడు ధారణ విభాగంలో కట్ట విప్పేసరికి హనుమాయమ్మకు కళ్ళు తిరిగాయి. కట్టనిండా వాళ్ళమ్మ చీరే. వంకాయ రంగు, పసుపు అంచు, జంట హంసలు. అంతటితో ఆగారా? మిల్లువాళ్ళు నమూనాలో ఉన్నది ఉన్నట్టు దింపాలన్న పట్టుదలతో ప్రతి చీరకీ హంస తోక దగ్గర రఫ్ఫు కూడా నేసేశారు. ప్రతి చీర అంచునా పసుపు మరక, ఒకే చోట, ఒకే సైజులో, కొట్టొచ్చినట్టు. వాళ్ళమ్మ ఏ పూజనాడో పసుపుచెయ్యి తుడుచుకుంటే పడిన మరకని ఎవడో కంప్యూటరులో పెట్టి రంగు పెంచి మరీ అచ్చేశాడు. హనుమాయమ్మ ఒళ్ళు మండిపోయింది. అయినా విభాగం చూసే ఆవిడ తొందర పెడుతూంటే ఒక్కొక్కటే కట్టుకుని, విప్పి, సంతకాలు పెట్టింది. ప్రతి కాగితం మీదా 'ఇది మా అమ్మగారి చీర' అని ముందే అచ్చయి ఉంది.

అప్పుడు మొదలైంది ఏకైకీకరణ. వర్ణనలో 'ఒకే ఒక్కటి' అని ఉంది. అది సత్యం కావాలంటే రెండోది ఉండకూడదు. దక్షిణామూర్తిగారు నిబంధన చదివి వినిపించగానే, మాట తీసేస్తారేమో అని అమ్మమ్మలు ఆశపడ్డారు. కంపెనీవారు గోడౌను వెనక గొయ్యి తవ్వించారు. ఒక్క చీర మిగిల్చి తక్కినవన్నీ తగలబెట్టడం, ఆ మిగిలిన దాన్ని కట్టంతా అమ్మితే వచ్చేంత ధరకి అమ్మడం. జనం ఎగబడి కొన్నారు. కాలిన చీరలకు కూడా తామే డబ్బు కడుతున్నామని వాళ్ళకు తెలియదు. రోజూ వెనకనుంచి పట్టు కాలిన కంపు వస్తూంటే హనుమాయమ్మకు గుత్తివంకాయ కూర సహించడం మానేసింది.

వంకాయ రంగు చీరల వంతు వచ్చింది. ఒకటి మిగిల్చి మిగతావన్నీ తగలేశారు. దక్షిణామూర్తిగారు ఆఖరి తనిఖీకి వచ్చి బీరువాలన్నీ తెరిపించారు. ప్రవల్లిక గదిలో, ఫైళ్ళ వెనకాల, కాగితంలో చుట్టి ఇంకో వంకాయ రంగు చీర బయటపడింది. అది హనుమాయమ్మ ఇచ్చిన అసలు చీర. "రెండున్నవి. ఒకటి ఉండరాదు," అన్నారాయన.

హనుమాయమ్మను పిలిపించారు. విషయం చెప్పగానే ఆవిడ పరుగున వచ్చి ఆ కాగితం పొట్లం చేతిలోకి తీసుకుంది. ఇన్నాళ్ళ తరవాత చేతికి తగిలిన ఆ మెత్తదనానికి ఏడుపొచ్చినంత పనైంది.

"ఇది మా అమ్మ చీర బాబూ. ఈ అమ్మాయి నమూనాకని తీసుకుంది. నాది నాకిచ్చేయండి, పట్టుకుపోతాను," అంది.

ఆయన ఓపిగ్గా ఫైలు తిప్పి, మిగిల్చి ఉంచిన మిల్లు చీర తాలూకు కాగితం ఆవిడ ముందు పెట్టారు. అందులో ఆవిడ సంతకం ఉంది. "అమ్మా, తమరి తల్లిగారి చీర అది. తమరే ధ్రువీకరించి ఉన్నారు. ఒక చీర తమరి తల్లిగారిదైనప్పుడు, దానిని పోలిన మరొకటి అనుకరణయే కావలెను గదా. సదరు చీరను ధరించినట్లు గానీ, పెట్టెలో దొరికినట్లు గానీ, ఎవరైనను ప్రేమించినట్లు గానీ ఆధారములు లేవు."

"ఆధారమేటండీ? మా అమ్మ కట్టుకునేది. నేను చూశాను."

"తమరు చూచినట్లు మండలి చూడలేదు," అన్నారాయన, కాస్త జాలిగానే. మర్నాడు పదకొండు గంటలకు దహనమని రాసి, రెండు చీరలకూ చీటీలు దారంతో కట్టించారు. అసలు చీరకు 'అనుకరణ' అని, మిల్లు చీరకు 'ఒకే ఒక్కటి' అని.

ఇంటికి పట్టుకుపోదామంటే గేటు దగ్గర వెతుకుతారు. విశేషణం ఉన్న ఏ గుడ్డ అయినా అమ్ముడుపోయి బయటికి వెళ్ళాలి, లేదా గొయ్యిలోకి వెళ్ళాలి, మూడోదారి లేదు. ప్రవల్లిక దగ్గరకు వెళ్ళి బతిమాలింది. ఆ పిల్ల నిజంగానే బాధపడింది. సారీ అమ్మమ్మగారూ, పాలసీ అంది. పోనీ మీకు ఇంకో పది చీరలు ఇప్పిస్తానంది. హనుమాయమ్మ ఇంటికెళ్ళి అన్నం తినకుండా పడుకుంది. అమ్మ ఒక్కర్తే గుర్తుకొచ్చింది. కాలిన చోట రఫ్ఫు వేస్తూ, దారం పళ్ళతో తెంపుతూ, చీర పారేసుకునే మొహాలా మనవి అని నవ్విన అమ్మ. ఆ చీరని ఒకసారి మంటనుంచి ఆవిడ కాపాడుకుంది. కూతురు తన సంతకంతోనే మళ్ళీ మంటలోకి పంపుతోంది. ఇంతకంటే సిగ్గుమాలిన పని ఉంటుందా అని తనను తానే తిట్టుకుంది.

మర్నాడు పొద్దున్నే పనిలోకి వెళ్ళింది. ఆఖరిసారి మడత సరిచేసే పని అమ్మమ్మలదే. రెండు చీరలూ బల్లమీద పక్కపక్కన ఉన్నాయి. అమ్మ చీర వెనక్కి తిప్పితే రఫ్ఫు ముడులు వేలికి గరుగ్గా తగులుతాయి, మిల్లు చీర వెనకంతా నున్నగా ఉంటుంది. హనుమాయమ్మ ఒకసారి ముడులు తడిమి చూసుకుంది. తరవాత రెండు దారాలూ విప్పి చీటీలు అటుదిటూ ఇటుదటూ మార్చి కట్టేసింది. ముడి గట్టిగానే పడింది. నాకు దక్కకపోతే పోనీ, ఎవరో ఒకరి ఒంటిమీద ఉంటుంది, పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ తిరుగుతుంది అనుకుంది. అమ్మా, నిన్ను అమ్మేస్తున్నాను, ఏమనుకోకు అని మనసులోనే చెప్పుకుంది.

పదకొండు గంటలకు మిల్లు చీర కాలిపోయింది. దక్షిణామూర్తిగారు చీటీ చూసి, మంట చూసి, సంతకం పెట్టారు. అదే సమయానికి అసలు చీర పెట్టెలో కట్టి ఎక్కడో పట్నంలో ఉన్న ఒకావిడకు బయల్దేరింది. ఆ కంపెనీ పుట్టాక మాటకు తగ్గ సరుకు వెళ్ళడం అదే మొదటిసారి. ఆ సంగతి హనుమాయమ్మకు ఒక్కదానికే తెలుసు.

వారం తిరక్కుండా పార్సిలు వెనక్కొచ్చింది. కొన్నావిడ ఉగ్రురాలైపోయి రాసింది. ఫోటోలో పసుపు మరక ముచ్చటగా మెరుస్తోందట, ఇందులో వెలిసిపోయి ఉందట. ఫోటోలో రఫ్ఫు అందంగా ఉందట, దీని వెనక ముడులు గుచ్చుకుంటున్నాయట. మడతల్లో కర్పూరం వాసన. అంచు నలిగి ఉంది. ఆఖరి వాక్యం ప్రవల్లిక పైకి చదివింది: "చూడబోతే దీన్ని ఎవరో నిజంగానే కట్టుకున్నట్టున్నారు. ఇంత దారుణమైన మోసం నేనెక్కడా చూడలేదు."

పైకి ఫిర్యాదు వెళ్ళింది. మండలి అత్యవసరంగా కూర్చుంది. దక్షిణామూర్తిగారు స్వయంగా వచ్చి చీరనూ ఫోటోనూ పక్కపక్కన పెట్టి భూతద్దంతో చూశారు. ఫోటో మిల్లు చీరది, కనుక చీర ఫోటోతో ఏ విధంగానూ సరిపోలేదు. ఆయన తన ఉద్యోగ జీవితంలో ఇంతటి పచ్చి నకిలీని చూడలేదని తేల్చారు. చెరగని సిరాతో జంట హంసల మీద, రఫ్ఫుకు పక్కగా 'నకిలీ' అని పెద్ద ముద్ర కొట్టారు. ఆ చప్పుడుకు హనుమాయమ్మ కళ్ళు మూసుకుంది.

మరి దీన్ని తగలబెట్టాలా అని ప్రవల్లిక అడిగింది. అక్కర్లేదన్నారాయన. నకిలీ వస్తువునకు ఏ విశేషణమూ వర్తించదు, విశేషణము లేని గుడ్డపై మండలికి అధికారము లేదు, ఎవరేమి చేసుకొనినను అభ్యంతరము లేదు అని వివరించారు. బల్లలు తుడుచుకోవడానికి పనికొస్తుందేమో చూడమన్నారు. హనుమాయమ్మ ముందుకొచ్చి, తుడుచుకునే గుడ్డలు తనకు ఇంట్లో తక్కువగా ఉన్నాయి, ఇప్పిస్తే పట్టుకుపోతానంది. ప్రవల్లిక ఆవిడ మొహం చూసి, ఏమీ అడక్కుండా చీర తీసి చేతిలో పెట్టింది.

రేపటినుంచి పనిలోకి రానని అక్కడే చెప్పేసి హనుమాయమ్మ గేటు దగ్గరకు నడిచింది. వాచ్‌మన్ సంచీ విప్పించాడు. ముద్ర చూశాడు. ఇన్నాళ్ళు చాకిరీ చేయించుకుని ఆఖరికి ఇలాంటిదా మొహాన కొట్టేదని అతనికి కష్టమేసింది.

"మంచిది ఒక్కటివ్వకపోయారా మామ్మగారూ? నకిలీది అంటగట్టేరేటండీ?"

"ఊరుకో నాయనా," అంది హనుమాయమ్మ, చీరను మళ్ళీ మడత పెట్టి గుండెకు అదుముకుంటూ. "అసలుదని తేలుంటే ఈపాటికి మళ్ళీ ఎవరికో అమ్మేసేవారు, నాకు దక్కేదా?"

అతను అర్థం కాక తల గోక్కుంటూ గేటు తీశాడు.